అచ్చులో పుట్టు బొమ్మ

కామారెడ్డి నుండి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డికి పోవు బాటలో చలికాలమున ప్రయాణము చేసినవారికి ఒకప్పుడు ఊరు కనబడుటకు ముందే బెల్లపు వాసన తగిలెడిది. చెరువుల క్రిందను, బావుల క్రిందను పెరిగిన చెరకు అప్పటికి గానుగ చేరియుండెడిది. పిప్పి ఎండబెట్టిన కుప్పలు, పొయ్యిలో మంట, దానిపై వెడల్పైన ఇనుప పెనము, పెనమునిండ సలసల కాగు రసము, చుట్టును చేతులు చాచి నిలుచున్న పిల్లలు - ఆ పిల్లలలో నేనును ఒకడను. కామారెడ్డి బెల్లమునకు అంగళ్ళలో పేరుండెడిది గాని, ఆ పేరు వెనుకనున్న మనిషి పొయ్యిప్రక్క గరిటె పట్టుకొని నిలుచున్న పాకము పెద్ద. ఆయన రసమున సున్నపుతేట పోయును; పైకి తేలిన మడ్డిని తీసివేయును; పొంగు మీరినప్పుడు చుక్క ఆముదము వేయును, పొంగు తలవంచును. తుదకు గరిటెతో కొంచెము తీసి చన్నీటిలో వేసి వ్రేళ్ళ నడుమ ఉండ చేసి చూచును. ఎన్ని నిమిషములు కాచవలెనని అడిగినచో నవ్వును. ఆ చెరకు ఏ నేలలో పెరిగినది, కొట్టి ఎన్నాళ్ళయినది, నీరు ఎంత త్రాగినది - ఇవన్నియు తెలియక నిమిషములు చెప్పుట ఎట్లు?

చిత్రకళను గూర్చి చెప్పవలసిన చోట ఈ బెల్లపు పొయ్యి ఏల వచ్చినదని మీకు తోచవచ్చును. నేటి చిత్రకళలో ఒక శాఖ కలదు. అది దేనిని పోలి గీసిన బొమ్మయో చెప్పుటకు వీలులేనిది. లోహపు రేకుపై పుట్టి కాగితము మీదికి దిగునది. అమూర్త ముద్రాచిత్రమని దానికి పండితులు పెట్టిన పేరు. చిత్రశాలలో దానిముందు నిలిచి "ఇదేమి బొమ్మ?" అని అడిగి సమాధానము దొరకక వెనుదిరిగిన వారు అనేకులు. కాని పాకము పట్టుట చూచిన కన్నులకు ఆ చిత్రము అంత అపరిచితము కాదని నా నమ్మకము. ఆ నమ్మకమునకు కారణము చెప్పుటయే ఇచ్చట నా పని.

మొదట "అచ్చు" అను మాటను చూడుడు. అచ్చు పుస్తకమన్నను అదే, అచ్చు బెల్లమన్నను అదే. "అచ్చుగుద్దినట్లు తండ్రిపోలిక" అందుము. అనగా మన భాషలో అచ్చు పోలికకు గుర్తు. ముందే యున్నదానిని తిరిగి చేయుట దాని ధర్మము. మన ఇండ్లలో గోడకు వ్రేలాడిన రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటములు ఈ అర్థమున అచ్చులే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమునందు ఆయన వర్ణచిత్రములను రంగునకొక రాయిగా విడదీసి, ఒక్కొక్క రాయి నుండి ఒక్కొక్క రంగును కాగితమునకు ఎక్కించెడివారు. బొమ్మ ముందే తైలవర్ణములలో పూర్తియైనది. అచ్చుయంత్రము దానిని ఇంటింటికిని మోసినది. ఆ మోత చిన్న పని యని నేననను. దేవుని పటమునకు నోచుకోని ఇండ్లకు పటము వచ్చినది. కాని యంత్రము ఆ బొమ్మను కల్పింపలేదు, మోసినదంతే.

ఇప్పుడు వేరొక అచ్చును ఊహింపుడు. ముందుగా గీసిన బొమ్మ లేదు. కళాకారుని ముందు ఉన్నది ఒక లోహపు రేకు, కొన్ని పనిముట్లు, కొంత ఆమ్లము. ఆయన రేకును గీయును, తొలుచును, ఆమ్లముచేత తినిపించును, గీకును, నునుపుచేయును. కొంత చేసిన పిదప ఒక ప్రతి తీసి చూచును. ఆ ప్రతి ఆయనకు ఏదో చెప్పును. మరల రేకు నొద్దకు పోవును. ఇట్లు వారములు, నెలలు గడచును. తుదకు కాగితముపై నిలిచిన రూపము ఆ పనిలో పుట్టినదే. అంతకుముందు అది ఎచ్చటను లేదు, చేసినవాని మనస్సులో కూడ పూర్తిగా లేదు. ఇచ్చట అచ్చు పోలికకు గుర్తు కాదు, పుట్టుకకు చోటు.

ఇట్టి అచ్చునకు ప్రపంచమున పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. మన ప్రాంతమునకు దూరముగా, తెలుగునేల దక్షిణపు కొసనున్న చిత్తూరు సీమలో నందనూరను పల్లెయందు 1925లో కృష్ణారెడ్డిగారు జన్మించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యులై, పిమ్మట మద్రాసులోని కళాక్షేత్రమునందు చిత్రకళను బోధించి, లండనులోని స్లేడ్ కళాశాలలో చదివి, 1950 ప్రాంతమున పారిస్ చేరిరి. అచ్చట జాడ్కిన్ అను శిల్పాచార్యుని వద్ద శిల్పము అభ్యసించిరి. తరువాత మిలాను నగరమున మరీనో మరీనీ వద్దను అభ్యసించిరి. ఆయన మొదట శిల్పి యను సంగతి మరువరాదు. లోహపు రేకును చిత్రకారుడు కాగితమువలె చూచును. శిల్పి రాతివలె చూచును. ఆ భేదము నుండియే తరువాతి కథ యంతయు వచ్చినది.

పారిస్‌లో "అటెలియే 17" అను ముద్రాశాల యుండెడిది. దానిని 1927లో నెలకొల్పినవాడు స్టాన్లీ విలియం హేటర్ అను ఆంగ్లేయుడు. ఈయన చదివినది రసాయనశాస్త్రము. కొంతకాలము పారశీకదేశపు నూనె కంపెనీలో ఉద్యోగము చేసినవాడు. 1933లో కాంపాన్య ప్రమియేర్ వీథిలోని 17వ నంబరు ఇంటికి మారినందున శాలకు ఆ పేరు నిలిచినది. యుద్ధకాలమున 1940లో న్యూయార్కునకు తరలి, 1950లో మరల పారిస్ వచ్చినది. పికాసో, మీరో వంటివారు అందు పనిచేసిరి. గొప్పవారు వచ్చుట గొప్ప కాదు. అచ్చట గురువు ఒక బల్ల వద్ద, శిష్యుడు మరియొక బల్ల వద్ద అను పద్ధతి లేకుండుట గొప్ప. ఒకరి రేకుపై తేలిన వింత సాయంకాలమునకు అందరి సొత్తగును. చిత్రకారులు తమ కిటుకులను దాచుకొను కాలమున ఇది సామాన్యవిషయము కాదు. కృష్ణారెడ్డిగారు మొదట అభ్యాసియై చేరి 1960 దశకమునకు హేటరుతో కూడ శాలను నడుపువారైరి.

వారు కనుగొన్న దేమో చెప్పుటకు ముందు ఒక చిన్న ముచ్చట. కొన్నేండ్ల క్రిందట లింగంపేట ప్రాంతమున ఇంకను వెలుగుచున్న ఒక బెల్లపు పొయ్యి వద్దకు పోయితిని. నా సంచిలో కృష్ణారెడ్డిగారి "సుడిగుండము" అను చిత్రము అచ్చైన పుస్తకముండెను. 1963 నాటి ఆ చిత్రమున సుడులు తిరుగు గీతలు, వాని నడుమ నీలము, పసుపు, ఇంకను పేరు పెట్టరాని రంగులు ఒకదానిలో ఒకటి దూరుచు, దూరియు వేరుగా నిలుచుచుండును. పాకము పెద్ద తువ్వాలుతో చేతులు తుడుచుకొని పుస్తకమును దూరముగా పట్టి చూచెను. ఇదేమి బొమ్మయని అడుగునని నేననుకొంటిని. ఆయన అడిగినది వేరు.

"గిదంత ఒక్కపారే ఒత్తిన్రా సారూ?"

అవునంటిని.

"మరి రంగులు కలిసిపోకుంట ఎట్ల నిల్చినయి?"

చిత్రశాలలలో ఎందరో చదువుకొన్నవారు అడుగని ప్రశ్న యది. ఆ ప్రశ్నలోనే ఆ కళ యంతయు కలదు.

సాధారణముగా రంగుల అచ్చునకు రంగునకొక రేకు గాని రాయి గాని కావలెను. రవివర్మ పటములకు జరిగినది అదే. ఒక కాగితమును పలుమార్లు యంత్రమున పెట్టవలెను. ప్రతిమారు వెంట్రుకవాసి తేడా రాకుండ కుదుర్చవలెను. కృష్ణారెడ్డిగారు, బొంబాయి నుండి వచ్చిన కైకో మోతి, హేటరు - వీరి చేతులలో 1950 దశకమున రూపొందిన పద్ధతియందు ఒక్క రేకు, ఒక్క ఒత్తుడు. అన్ని రంగులును ఆ ఒక్క రేకుమీదనే వేరువేరుగా నిలుచును. ఈ ముగ్గురిలో ఎవరు ముందనుదానిపై వాదములు పెట్టుకొనుట లోకమునకు ఇష్టము. నాకు ఆ వాదము రుచింపదు. కలసి పనిచేసిన బల్లపై పుట్టినదానికి ఒక్క తండ్రిని వెదకుట వృథా.

పద్ధతిలో రెండు మెట్లున్నవి. మొదటిది రేకు. లింగంపేటలోని నాగన్న బావిని చూచినవారు దీనిని తేలికగా గ్రహింతురు. ఆ బావిలోనికి మెట్లు వరుసలు వరుసలుగా దిగును. నీరు నిండుగా నున్నప్పుడు కొన్ని మెట్లు మునుగును. తగ్గినప్పుడు కొన్ని తేలును. ముద్రాకారుడు తన రేకును అట్టి మెట్లబావివలె తొలుచును: పైన ఒక మట్టము, దాని క్రింద మరియొకటి, అన్నిటికన్న అడుగున సన్నని గాళ్ళు. లోతు వెంట్రుకల లెక్కలో నుండవచ్చును గాని లోతు లోతే. శిల్పి కన్ను ఇచ్చట అక్కరకు వచ్చినది. మొదట అడుగు గాళ్ళలో సిరా నింపి, పైభాగమును గరుకు బట్టతో తుడిచివేయుదురు. పిమ్మట గట్టి రోలరుతో ఒక రంగు పూయుదురు. గట్టిది గనుక అది పైమట్టమును మాత్రమే తాకును. తరువాత మెత్తని రోలరుతో వేరొక రంగు. మెత్తనిది గనుక అది వంగి లోపలి మెట్లకును దిగును.

అయినచో మెత్తని రోలరు పైమట్టమును కూడ తాకునే, అచ్చట రెండు రంగులును ఏల కలసిపోవు? రెండవ మెట్టు ఇదియే. పాకము పెద్ద ప్రశ్నకు సమాధానమును ఇదియే. ఒక సిరాలో అవిసెనూనె ఎక్కువ కలిపి పలుచన చేయుదురు. మరియొకదానిలో తక్కువ కలిపి చిక్కగా ఉంచుదురు. పలుచని, నూనె మిక్కిలిగా గల సిరా ముందుగా పరచుకొన్నచోట తరువాత వచ్చిన చిక్కని సిరా అంటదు, జారిపోవును. పొడిగా నున్నచోట అంటును. సంక్రాంతికి అరిసెలు చేయు ఇల్లాలికి ఇది కొత్త కాదు. చేతికి నూనె రాచుకొన్న పిమ్మట పాకపు పిండి చేతికి అంటునా? శాస్త్రపుస్తకములలో ఈ గుణమునకు స్నిగ్ధత యని పేరు. వంటింటిలో దానినే చిక్కదనమందుము. వరుస తారుమారైనచో, అనగా ముందు చిక్కనిది పూసి దానిపై పలుచనిది పూసినచో, రెండవది మొదటిదానిపై నిలిచి రంగులు కలియును. కలియవలెనని కోరినచోట అట్లే చేయుదురు. చివరకు తడిపిన కాగితమును రేకుపై పరచి యంత్రమున ఒక్కసారి ఒత్తగా, కాగితము మెట్లన్నిటిలోనికి దిగి ఒక్కొక్క మెట్టు నుండి దాని రంగును పుచ్చుకొని వచ్చును.

ఈ మాటలను నా నోటికి వచ్చిన రీతిని ఆ పెద్దకు చెప్పితిని. ఆయన ఆముదపు సీసావైపు చూచి తల ఊపెను. తరువాత వేరే మాటలలో పడితిమి, చెరకు ధర మీదికి పోయితిమి.

సిరాలో నూనె ఎంత? చుక్కల లెక్కయా, చెంచాల లెక్కయా? ఆనాటి ఉక్కపోత ఎంత, రంగుపొడి ఎట్టిది, రోలరు ఎంత మెత్తనిది అనువానినిబట్టి అది మారును. రేకుపై పూసి, కాగితమున ఎత్తి, చూచి, మరల కలుపవలసినదే. పాకము వంటిదే గదా. కృష్ణారెడ్డిగారు తమ పద్ధతిని వివరించుచు 1988లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. దాని పేరులోనే పదార్థములు, ప్రక్రియలు అను మాటలున్నవి. కళాకారుడు పదార్థమునకు యజమాని కాదు, దానితో కూడ పనిచేయువాడు అనునది వారి బ్రతుకంతటి మాట.

ఇందుండియే అమూర్తతకును దారి తెలియును. "సుడిగుండము" నీటిని పోలి గీసిన బొమ్మ కాదు. ఎల్లారెడ్డికి సమీపమున మంజీరపై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరు ఆనకట్టను వానకాలమున తలుపులెత్తినప్పుడు చూచినవారికి, అడ్డుకట్టు దాటిన నీరు తనలో తాను మెలితిరుగుట ఎరుకయే. ఆ నీటికి ఛాయాపటము తీసినచో ఒక నిమిషపు నీరు పటమున నిలుచును. ముద్రాకారుడు చేసినది వేరు. నీరు రాతిని తొలుచునట్లు ఆయన రేకును తొలిచెను. ఒక ప్రవాహము మరియొకదానిని త్రోసివేయునట్లు ఒక సిరా మరియొకదానిని త్రోసివేయుచున్నది. నీటి రూపము కాదు, నీటి నడవడి కాగితమునకు వచ్చినది. చేప, అల, మొలకెత్తు గింజ - వీరి తొలినాటి చిత్రముల పేర్లనేకము ఇట్టివే. పేరు చూచి చేపకై వెదకువారు నిరాశ పడుదురు. ఈదుట కొరకు వెదకువారికి అది దొరకును.

ప్రకృతియే కాదు. 1968లో పారిస్ వీథులలో విద్యార్థులు, కార్మికులు పోటెత్తినప్పుడు వీరు "ప్రదర్శనకారులు" అను చిత్రమును చేసిరి. అందు మనుష్యులు నిలువు గీతలై, గుంపై, గుంపులో ఒంటరులై కనబడుదురు. రూపము లేదనుకొన్న కళ అవసరమైనప్పుడు మనిషివద్దకు రాగలదనుటకు దానిని చూపుదును.

ఈ కళను గూర్చి నాకొక పేచీయు కలదు. నేడు కొందరు "పని చేయుటయే కళ, ఫలితము ముఖ్యము కాదు" అందురు. గీచితిమి, పూసితిమి, ఏదో వచ్చినది, వచ్చినదే గొప్ప యని వారి వరస. పాకము పెద్ద ఈ మాట ఒప్పుకొనడు. మాడిన బెల్లమును అంగడిలో ఎవ్వరును కొనరు. పదార్థము చెప్పినది వినుట వేరు, పదార్థమునకు పగ్గము వదలుట వేరు. కృష్ణారెడ్డిగారి రేకులలో వదలివేత లేదు. ఒక్కొక్క గీత మరల మరల దిద్దినది.

మన చుట్టుప్రక్కల కథ కొంత చెప్పక తప్పదు. కామారెడ్డికి పొరుగున నున్న పూర్వపు మెదకు జిల్లాలో, నిజాంపూరు పల్లెయందు 1940లో జన్మించిన లక్ష్మాగౌడుగారును రేకుమీద ప్రసిద్ధులైనవారే. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద అభ్యసించి, ఆమ్లముతో గీతలు తినిపించు ఎచింగ్ విద్యలో పేరు గడించిరి. అయితే వీరిది అమూర్తము కాదు. మేకలు, చెట్లు, పల్లె స్త్రీపురుషులు వీరి గీతలలో ముడిపడియుందురు. ఒకరు చిత్తూరు పల్లె నుండి పోయి ప్రవాహమును పట్టిరి; ఒకరు మెదకు పల్లెలోని మనిషిని పట్టిరి. ఇరువురికిని పద్మశ్రీ లభించినది, ఒకరికి 1972లో, మరియొకరికి 2016లో.

కృష్ణారెడ్డిగారు 1976లో న్యూయార్కు చేరి అచ్చటి విశ్వవిద్యాలయమున ముద్రాకళను బోధించిరి. మెట్రోపాలిటన్ మ్యూజియము వారు 2016లో హేటరు, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల ముద్రాచిత్రములను ఒక్కచోట ప్రదర్శించిరి. 2018 ఆగస్టులో ఆయన న్యూయార్కులోనే కన్నుమూసిరి.

ఆ ఏటికి మా ప్రాంతపు పొయ్యిలనేకము చల్లారియుండెను. చక్కెర మిల్లులు చెరకును తీసికొనిపోవుట ఒకటి, నీటి ఎద్దడి ఒకటి, నాటుసారా నిరోధమునకై బెల్లపు అమ్మకముపై వచ్చిన కట్టుబాట్లు ఒకటి. ఒక పొయ్యి చల్లారినచో పెనము పాత ఇనుమునకు పోవును. అది తిరిగి కొనవచ్చును. పాకము చూచు వ్రేళ్ళు పోయినచో వానిని కొనుట ఎట్లు? నా చిన్ననాటి పాకము పెద్ద తన విద్యను వ్రాసిపెట్టలేదు. వ్రాసినను "చేతికి తెలియును" అని మాత్రమే వ్రాయగలిగెడివాడు. ఆయన కుమారులు పట్టణమునకు పోయిరి. అది వారి తప్పు కాదు. కృష్ణారెడ్డిగారు గ్రంథము వ్రాసిరి, బొమ్మలు వేసి మెట్టుమెట్టునకు వివరించిరి. అయినను వారి వద్ద పనిచేసినవారు చెప్పునది బల్లప్రక్క నిలిచి రోలరు చప్పుడు విన్న సంగతి. చిక్కని సిరాపై రోలరు నడచునప్పుడు ఒక చిటపట చప్పుడగును. పలుచనిదానిపై అంత కాదు. ఆ చప్పుడునుబట్టి నూనె చాలినదో లేదో పోల్చుకొందురు. ఏ పుస్తకమును ఆ చప్పుడును అచ్చువేయలేదు.

మీకు ఎప్పుడైన ఇట్టి ముద్రాచిత్రము ఎదురుపడినచో, ఇదేమి బొమ్మయను ప్రశ్నను కొంతసేపు ప్రక్కన పెట్టుడు. మొదట అంచులు చూడుడు. రేకు ఒత్తిన జాడ నలుప్రక్కల పల్లముగా కనబడును. క్రింద పెన్సిలుతో 7/50 వంటి అంకె యుండును. తీసిన ఏబది ప్రతులలో ఇది ఏడవదని అర్థము. అది నకలు కాదు, ఏబదియును అసలులే. ప్రతి ఒక్కదానికిని రేకును మరల తుడిచి, మరల సిరాలు పూసి ఒత్తిరి. పిమ్మట ఒక రంగును ఎన్నుకొని అది ఎచ్చట ఆగినదో, ఏ రంగు దానిని ఆపినదో చూడుడు. మట్టములు లెక్కింపుడు. ఏది ముందు పూసిరి, ఏది తరువాత అని ఊహింపుడు. తరువాత ప్రక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడునట్లు చూడుడు. లోతైన గాళ్ళనుండి వచ్చిన సిరా కాగితముపై సన్నని గట్టువలె లేచియుండును. వ్రేలితో తడిమి చూడవలెనని మనస్సు పీకును. చిత్రశాలవారు ఆ సంగతి ఎరిగియే ముందుగా అద్దము బిగించియుందురు.